వేలంలో రెంబ్రాంట్ ఎచింగు: కేటలాగులో ఉన్న ఆ ఒక్క మాటకు అర్థం ఏమిటి?

సిరామరక:

అందరికీ నమస్కారం. ప్రింట్లు కొనడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. ఇంతవరకు కొన్నవి మూడే. మూడూ ఇరవయ్యో శతాబ్దపు లిథోగ్రాఫులు (రాతి అచ్చు బొమ్మలు), పెద్ద పేర్లేమీ కావు. అలాంటిది ఒక ఆన్‌లైన్ వేలం కేటలాగులో ఒక లాటు (వేలానికి పెట్టిన వస్తువు) చూసినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు.

బైబిల్లోని తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరిన సన్నివేశం మీద డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1636లో చేసిన ఎచింగు అది, అంటే రాగి రేకు మీద గీతలను ఆమ్లంతో తినిపించి, సిరా అద్ది కాగితం మీద ఒత్తిన బొమ్మ. చిన్న బొమ్మ, అరచేతికి కాస్త పెద్దది. మెట్ల మీద మోకరిల్లిన కొడుకు ఒళ్లంతా ఎముకలే. తండ్రి పరుగున వచ్చి వాడి మీదికి వంగిపోయాడు. కర్ర మెట్ల మీద పడి ఉంది. పైన కిటికీ రెక్క తోసి ఒకావిడ తొంగిచూస్తోంది. నన్ను పట్టుకున్నది ఆవిడ ముఖమే.

నేను గమనించినవి ఇవి. బొమ్మ చుట్టూ రాగి రేకు నొక్కుకున్న గుర్తు స్పష్టంగా ఉంది. కాగితం గీతలున్న పాతరకం. కింద రెంబ్రాంట్ సంతకం, సంవత్సరం ఉన్నాయి. నాలుగు వైపులా రెండేసి అంగుళాల అంచు ఉంది, మచ్చ లేదు. అంచనా ధర మాత్రం ఆశ్చర్యపోయేంత తక్కువ. శీర్షికలో "ఆఫ్టర్ రెంబ్రాంట్" అని రాశారు. అంటే ఆయన పోయిన తర్వాత అసలు రేకు నుంచే తీసిన ప్రతి అని నేను అర్థం చేసుకున్నాను. సరేనా? వేలం ఇంకా తొమ్మిది రోజులుంది. ఎంతవరకు పాడవచ్చు?

రాగిరేకు:

సరి కాదండీ. "ఆఫ్టర్" అంటే కాలంలో తర్వాత అని కాదు, ఆయన బొమ్మను చూసి మరొకరు చేసినది అని. ఆ రేకు మీద రెంబ్రాంట్ చేయి పడలేదని వేలం వాళ్లే మర్యాదగా చెప్పారు. ఆయన రేకు నుంచే తర్వాత తీసిన ప్రతి అయితే పేరు ముందు ఆ మాట ఉండదు, వివరణలో "తరువాతి ముద్ర" అనో "మరణానంతర ముద్ర" అనో రాస్తారు.

వెనక వైపు ఫొటో అడగండి. వెలుతురుకు ఎదురుగా పట్టిన ఫొటో ఇంకొకటి. ఆ రెండూ వచ్చేదాకా పాట మాట ఎత్తవద్దు.

పాతకాగితం:

రాగిరేకు గారు రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను కాస్త విస్తరిస్తాను, ఎందుకంటే సరిగ్గా ఈ గుంటలోనే పద్దెనిమిదేళ్ల కిందట నేనూ పడ్డాను.

నాది జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ బొమ్మ. 1514 నాటి "మెలెంకోలియా", రెక్కలున్న స్త్రీ చెంపకు చేయి ఆనించుకుని కూర్చుంటుంది కదా, అది. మీరు రాసిన లక్షణాలన్నీ దానికీ ఉన్నాయి: రేకు నొక్కు, గీతల కాగితం, ఫలకం మీద చెక్కిన సంవత్సరం. వేలం గదిలో నాతో పోటీ పడినవాడు ఒక్కడే. వాడు రెండు పాటలకే చేతులెత్తేస్తే వాడి అజ్ఞానానికి లోలోపల నవ్వుకున్నాను. ఇంటికి తెచ్చి, చట్రం వెనక అట్ట ఊడదీసి, కాగితం తిరగేశాను. కుడి మూలన గోరంత ఎర్రటి ముద్ర. భూతద్దం పెట్టి చూస్తే అల్లుకున్న రెండు అక్షరాలు. ఒక పేరు మొదటి అక్షరాలు. ఆమాన్ డ్యురాన్.

ఆయన పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి ముద్రాపకుడు. పాత గురువుల మంచి ప్రతులను ఫొటో తీసి, ఆ బొమ్మను వెలుతురుకు స్పందించే పూత పూసిన రాగి రేకు మీదికి దించి, ఆమ్లంతో తినిపించి, ఆపైన సిరా అద్ది మామూలు ఎచింగును ఒత్తినట్టే యంత్రం మీద ఒత్తేవాడు. ఆ పద్ధతిని హీలియోగ్రావ్యూర్ అంటారు. అందుకే రేకు నొక్కు నిజంగానే ఉంటుంది, సిరా నిజంగానే గీతలో నుంచి ఉబ్బి పైకి వస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది (తడమకండి). భూతద్దంలో ఆఫ్‌సెట్ చుక్కలు (ఇప్పటి యంత్రపు అచ్చులో కనబడే సన్న చుక్కలు) వెతికితే ఒక్కటీ కనబడదు. "చుక్కలు లేవు, నొక్కు ఉంది, కాబట్టి అసలు" అనే కొత్తవాళ్ల సూత్రం ఈయన దగ్గర బోర్లా పడుతుంది. ఆయన ఎవరినీ మోసం చేయలేదు, అందుకేగా వెనక ముద్ర కొట్టాడు. తర్వాతి చేతులు ఆ ముద్రను గీకేసిన సందర్భాలు ఉన్నాయి, అది వేరే కథ. ఆ రోజు కేటలాగు తిరిగి తీసి చూస్తే నా లాటు పేరు ముందు కూడా అదే మాట ఉంది. వాళ్లు చెప్పారు, నేను చదవలేదు.

ఇప్పుడు మీ ఆధారాలు ఒక్కొక్కటీ చూద్దాం.

సంతకం. అది కాగితం మీద పెన్సిలుతో చేసినది కాదు, రేకులో గీసినది. ఆ రేకు నుంచి ఎన్ని ప్రతులు తీస్తే అన్నింటిలోనూ వస్తుంది. ఆ ప్రతిని ఫొటో తీసి మరో రేకు చేస్తే దాంట్లోనూ వస్తుంది. దాని విలువ సున్నా.

కాగితం. చేతితో తయారైన పాత కాగితంలో అచ్చు తీగెల గీతలు పడతాయి: దగ్గర దగ్గరగా సన్నవి, వాటికి అడ్డంగా ఎడం ఎడంగా గొలుసు గీతలు. ఏ గీతా లేని నునుపు నేత కాగితం ఐరోపాలో 1757 ప్రాంతంలో గానీ పుస్తకాల్లోకి రాలేదు. కాబట్టి 1636 నాటి ముద్ర అని చెప్పి నునుపు కాగితం చూపిస్తే అక్కడికక్కడే లేచి వచ్చేయవచ్చు. కానీ దీన్ని తిరగేసి వాడకూడదు. గీతల కాగితాన్ని పందొమ్మిదో శతాబ్దంలోనూ తయారు చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. పాత పుస్తకాల్లో చివరన మిగిలిన ఖాళీ పుటల మీద ఒత్తినవారూ ఉన్నారు. కాగితం "కాదు" అని సాక్ష్యం చెప్పగలదు, "అవును" అని చెప్పలేదు. నీటిగుర్తు (కాగితం తయారీలోనే పడి, వెలుతురుకు పట్టితే కనబడే గుర్తు) దొరికితే మాత్రం కొంత దారి దొరుకుతుంది. అందుకే ఎదురు వెలుతురు ఫొటో.

అంచులు. మీరు సంతోషించిన చోటే నాకు అనుమానం మొదలైంది. పదిహేడో శతాబ్దపు ప్రతులను పాత సేకర్తలు రేకు నొక్కు వరకు, కొన్నిసార్లు దాని లోపలికి కూడా కత్తిరించి ఆల్బములలో అంటించుకునేవారు. అలా బతికి వచ్చిన కాగితానికి నొక్కు బయట దారం మందం అంచు మిగిలినా కేటలాగు దాన్ని గొప్పగా రాస్తుంది. నాలుగు వందల ఏళ్లకు దగ్గరపడుతున్న కాగితానికి మచ్చలేని రెండంగుళాల అంచు అసంభవం అనను, కానీ అలాంటిది ఆ అంచనా ధరకు మీ దాకా రాదు.

ఇక రాగిరేకు గారు ముట్టుకుని వదిలేసిన సంగతి, అసలు రేకు నుంచి తీసిన తరువాతి ప్రతులు. రెంబ్రాంట్ 1669లో పోయాడు, రేకులు పోలేదు. దాదాపు 80 రేకులు పద్దెనిమిదో శతాబ్దం చివర బాసన్ అనే పారిస్ వ్యాపారి చేతికి వచ్చాయి. ఆయన, ఆయన తర్వాతివారు వాటిని ఒత్తుతూనే వచ్చారు, 1906లో కూడా తీశారు. అన్నింటికన్నా విచిత్రం "వంద గిల్డర్ల ప్రింటు" అని పేరుపడ్డ రెంబ్రాంట్ ఎచింగు గతి. ఆ రేకు 1775లో కెప్టెన్ బెయిలీ అనే ఆయన కొన్నాడు. అరిగిన చోటల్లా తన చేతితో మళ్లీ చెక్కి, వంద ప్రతులు తీసి, ఆ తర్వాత రేకును నాలుగు ముక్కలుగా కోసి ఆ ముక్కల నుంచి విడివిడిగా కూడా ముద్రించాడు. రెంబ్రాంట్ గీతల మీద మరొకరి గీతలు. మరి అది ఎవరి బొమ్మ అనాలి? నాకు జవాబు లేదు, కొనాలనీ లేదు.

చివరగా ఒక పని చేయండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన దగ్గరున్న ప్రతుల ఫొటోలను పెద్ద పరిమాణంలో ఉచితంగా ఇస్తుంది. ఆ ఫొటోను, వేలం ఫొటోను పక్కపక్కన పెట్టుకుని మొత్తం బొమ్మ చూడకండి, ఒక్క అంగుళం చూడండి. మీకు నచ్చిన కిటికీనే తీసుకోండి. మంచి ప్రతిలో పక్కపక్క గీతల మధ్య తెల్లదనం నిలబడి ఉంటుంది. నకలులో అలాంటి చోట గీతలు కలిసిపోయి మసి ముద్దగా కనబడతాయి, లేదా సన్న గీత మధ్యలో తెగిపోతుంది.

మూడుకాళ్ల బల్ల:

నేను ఫర్నిచరు మనిషిని, ప్రింట్ల గొడవ నాకు అంతగా తెలియదు. కానీ "ఎంతవరకు పాడవచ్చు" అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి ఇది నా వంతు.

సుత్తి పడిన ధర మీరు కట్టే ధర కాదు. దాని మీద కొనుగోలుదారు ప్రీమియం ఉంటుంది, చాలా చోట్ల 20 శాతం దాటుతుంది. దాని మీద పన్ను. ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే వాళ్లకు మరికొంత. ప్యాకింగు, రవాణా, బీమా. అన్నీ కలిపి చేతికి వచ్చేసరికి ఎంత కావచ్చో ముందు లెక్క వేసి, అక్కడి నుంచి వెనక్కి వచ్చి మీ ఆఖరి పాట నిర్ణయించుకోండి. నేను ఆ అంకెను కాగితం మీద రాసి, ఎదురుగా అతికిస్తాను. వీలైతే ముందే లిఖితంగా పాట ఇచ్చేసి ఆ సమయానికి ఇంట్లో నుంచి బయటికి వెళ్లిపోతాను. నాతో నాకున్న పరిచయం అలాంటిది.

పాతకాగితం గారి "కాదు అని చెప్పగలదు" మాట మా బల్లలకూ వర్తిస్తుంది. చెక్క ఆరేకొద్దీ నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, నార పొడవునా దాదాపు కుంచించుకోదు. అందుకని రెండు వందల ఏళ్ల నాటి గుండ్రటి బల్ల ఇప్పుడు గుండ్రంగా ఉండదు. టేపు పెట్టి రెండు వైపులా కొలిస్తే తేడా తెలియాలి. ఒకసారి నేను మోకాళ్ల మీద కూర్చుని కొలుస్తుంటే అమ్మేవాడు "ఏమి వెతుకుతున్నారు?" అన్నాడు. "వంకర" అన్నాను. అది దొరకలేదు. సూది మొనంత తేడా లేని చక్కని వృత్తం. అలాగే పింగాణీ పళ్లెం అడుగున ఆంగ్లంలో దేశం పేరు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేశాక, 1891 నుంచి ఆ అలవాటు పాకింది. ఆ పేరు ఉన్న పళ్లెం పద్దెనిమిదో శతాబ్దానిది అంటే నమ్మడం కష్టం.

రాగిరేకు:

పాతకాగితం గారితో ఒక చిన్న పేచీ. ఆయన స్వరంలో, చనిపోయాక తీసినవన్నీ తక్కువ రకం అన్న ధోరణి వినబడుతోంది. రెంబ్రాంట్ విషయంలో ఒప్పుకుంటాను. స్పెయిన్ చిత్రకారుడు గోయా దగ్గరికి వస్తే ఏమంటారు? యుద్ధ బీభత్సాల మీద ఆయన చేసిన రేకులు ఆయన బతికుండగా ప్రచురణకే రాలేదు. ఆయన 1828లో పోతే మొదటి ముద్రణ 1863లో వచ్చింది. అక్కడ మరణానంతర ప్రతే మొదటి ప్రతి. ఆయనదే మరో బొమ్మల వరుస "కాప్రిచోస్" సంగతి దానికి తిరగబడి ఉంటుంది. 80 బొమ్మలు, 1799లో ఆయనే తీసుకొచ్చాడు. అవే రేకుల నుంచి 1937 దాకా మళ్లీ మళ్లీ ముద్రించారు. వాటిలో నీడలు చాలావరకు ఆక్వాటింటు (గీతలతో కాక రేకు మీద సన్నని గరుకుతో నీడ తెచ్చే పద్ధతి), రేకు మీద అది గీతకన్నా ముందు అరిగిపోతుంది. చివరి ముద్రణల్లో చీకటి ఉండాల్సిన చోట బూడిద రంగు ఉంటుంది. కాబట్టి ఏ సంవత్సరం అన్న ప్రశ్నతో ఆగకండి, రేకు అప్పటికి ఏ స్థితిలో ఉందని కూడా అడగండి.

పైగా ఆమాన్ డ్యురాన్ ప్రతి గోడకు పెట్టుకోవడానికి ఏమి తక్కువ? దాని ధరకు దాన్ని కొంటే అందులో మోసపోయింది ఎవరు?

పాతకాగితం:

గోయా దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. రెండోదానికీ అభ్యంతరం లేదు. ఆ డ్యూరర్ ఇప్పటికీ నా బల్ల ఎదురుగానే వేలాడుతోంది. అమ్మబుద్ధి కాలేదు. కాకపోతే నేను చట్రం ఆమ్లం లేని అట్టతో మళ్లీ కట్టించాను. పాత అట్ట బొమ్మ చుట్టూ గోధుమ రంగు చార వేసేసింది, అది ఇక పోదు. సిరామరక గారూ, ఏది కొన్నా ముందు ఆ పని చేయించండి.

సిరామరక:

ఫొటోలు వచ్చాయి. స్థితి నివేదిక కూడా పంపారు, అడగగానే. వెనక కింది మూలన ఎర్రటి ముద్ర ఉంది, సగం చెరిగింది కానీ అల్లుకున్న అక్షరాలు తెలుస్తున్నాయి. నీటిగుర్తు లేదు. మ్యూజియం ఫొటోతో పక్కన పెట్టి కిటికీ చూశాను. అసలులో ఆవిడ ముఖం పక్కన నీడ గీతలను లెక్కపెట్టవచ్చు. మన లాటులో అక్కడ ఒకే నల్లటి మరక. నా పేరే పెట్టుకున్నట్టుంది.

మొదట ఉసూరుమన్నాను, తర్వాత ఫరవాలేదనిపించింది. మూడుకాళ్ల బల్ల గారు చెప్పినట్టు వెనక్కి లెక్క వేసి, కింది అంచనాకు కాస్త తక్కువగా ఒక అంకె రాసి లిఖితంగా పాట ఇచ్చాను.

సిరామరక:

వేలం అయిపోయింది. రాలేదు. నా అంకె మీద ఇంకో నాలుగు పాటలు నడిచాయట. కొన్నవారు ఆ మాటను ఎలా చదివారో తెలియదు.

ఒక సందేహం. భూతద్దం కొందామనుకుంటున్నాను. పదింతలది చాలా, ఇరవై ఇంతలది తీసుకోనా?

పాతకాగితం:

పదింతలది చాలు. ఇరవై అయితే చేయి వణికినప్పుడల్లా గీత తప్పిపోతుంది. వెలుతురు పక్క నుంచి పడేలా చిన్న దీపం ఒకటి తీసుకోండి, దానికే ఎక్కువ పని ఉంటుంది.