ఐజాక్ హేస్ నటించిన సినిమాలు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నెల రోజులుగా రాత్రిపూట అమెరికన్ గాయకుడు ఐజాక్ హేస్ పాటలే వింటున్నాను. 1969లో వచ్చిన ‘హాట్ బటర్డ్ సోల్’ ఆల్బమ్‌లో ఉన్నవి నాలుగే పాటలు. వాటిలో ‘వాక్ ఆన్ బై’ ఒక్కటే 12 నిమిషాలు. ఆ గొంతు ఎంత నింపాదిగా మొదలవుతుందో! మెంఫిస్‌లో స్టాక్స్ అనే రికార్డుల కంపెనీకి డేవిడ్ పోర్టర్‌తో కలిసి పాటలు రాసిన మనిషి, ‘షాఫ్ట్’ సినిమా పాటకు 1972లో ఆస్కార్ అందుకున్నారు.

నటుడిగా మాత్రం నేను చూసింది ‘ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్’లోని డ్యూక్ పాత్ర ఒక్కటే. 1974 నాటి ‘ట్రక్ టర్నర్’లో హీరో ఆయనే, సంగీతమూ ఆయనదే. చూసినవాళ్లు దయచేసి చెప్పండి, పాటలో ఉన్న ఆ నిండుదనం నటనలోనూ కనిపిస్తుందా? ముందు సినిమా చూడాలా, లేక ఆ సినిమా సంగీతం ఆల్బమ్ విడిగా విన్నా సరిపోతుందా?