300 జీబీ బ్యాకప్: హార్డ్‌డిస్కా, పెన్‌డ్రైవా, డీవీడీలా?

వేళచ్చేరి_వాసి:
విండోస్ 11 హోమ్ డెస్క్‌టాప్. ఇంటి ఫోటోలు, వీడియోలు, దస్తావేజుల స్కాన్లు కలిపి 300 జీబీ. కొన్ని వీడియోలు ఒక్కోటి 8 జీబీ. క్లౌడ్‌కి నెలనెలా కట్టే ఉద్దేశం లేదు. శనివారం చెన్నైలో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్తున్నా. 256 జీబీ పెన్‌డ్రైవులు రెండు తేవాలా, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఒకటా? డీవీడీ రైటర్ కూడా ఉంది.

డబ్బా_డ్రైవ్:
డీవీడీ సంగతి ముందే తేల్చేద్దాం: ఒక్కోదానికి 4.7 జీబీ చొప్పున 64 డిస్కులు కావాలి, పైగా 8 జీబీ వీడియోని ముక్కలు చేయాలి. వదిలేయండి. పెన్‌డ్రైవ్ ఫైళ్లు మోసుకెళ్లడానికే. ఫ్లాష్ మెమరీలో డేటా విద్యుదావేశంగా ఉంటుంది, ఏళ్లపాటు కరెంటు తగలకుండా బీరువాలో పడుంటే అది మెల్లగా కారిపోతుంది. మన చెన్నై వేడికి ఇంకా తొందరగా.

1 టీబీ యూఎస్‌బీ హార్డ్‌డిస్కులు రెండు తీసుకోండి. (931 జీబీ అని కనిపిస్తే కొట్టువాడితో గొడవపడకండి, తయారీదారు 1000తో లెక్కేస్తాడు, విండోస్ 1024తో, ఆ తేడా అది.) డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతులు మూడున్నాయి, వాటిలో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఎక్కుతుంది గానీ జర్నల్ (చేయబోయే మార్పుల్ని ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉండదు, కాపీ మధ్యలో కరెంటు పోతే ఫైళ్ల పట్టికే చెడిపోవచ్చు. యూఎస్‌బీ 2 పోర్టులో సెకనుకి 30 ఎంబీ వస్తే గొప్ప, అంటే దాదాపు మూడు గంటలు. 3.0లో 100 ఎంబీ అందుకుంటే గంటలోపే.

కాపీకి విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కమాండ్ చాలు. దాని పక్కన స్లాష్ ఈ (/E, లోపలి ఫోల్డర్లతో సహా కాపీ) పెట్టండి, స్లాష్ ఎమ్‌ఐఆర్ (/MIR) మాత్రం వద్దు. మీరు పొరపాటున డిలీట్ చేసిన ఆల్బమ్‌ని ఎమ్‌ఐఆర్ బ్యాకప్‌లోంచి కూడా తుడిచేస్తుంది. స్లాష్ ఆర్ కోలన్ 2 (/R:2, రెండుసార్లే మళ్లీ ప్రయత్నం), స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 (/W:5, మధ్యలో ఐదు సెకన్ల ఆగుడు) కూడా చేర్చండి. లేకపోతే చదవలేని ఒక్క ఫైలు దగ్గరే 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది.

తీరం_గాలి:
రెండు చాలవు, మూడు కావాలి. స్లాష్ ఈ చెరపదు, నిజమే, కానీ మారిన ఫైలుని పాతదాని మీదే రాసేస్తుంది. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పాడుచేసిన ఫోటో అలాగే బ్యాకప్‌లోకి వెళ్తుంది. అందుకే రెండు డిస్కులు వారం మార్చి వారం వాడండి, పని కాగానే ఎజెక్ట్ చేసి వైరు పీకేయండి. మూడోది ఇంట్లో ఉండకూడదు. వేళచ్చేరిలో ఉంటూ 2015 డిసెంబరు వరదలు మర్చిపోతారా? నెల్లూరు వైపు సొంతవాళ్లుంటే అక్కడ పెట్టి, సంక్రాంతికీ దసరాకీ మార్చుకు రండి. దస్తావేజులున్నాయి కాబట్టి డిస్కుకి పాస్‌వర్డ్ తాళం (ఎన్‌క్రిప్షన్) తప్పదు. హోమ్ ఎడిషన్‌లో విండోస్ సొంత తాళమైన బిట్‌లాకర్‌తో బయటి డిస్కుకి తాళం వేయలేరు, ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ వాడండి.

డీవీడీని పూర్తిగా కొట్టిపారేయను. స్కాన్లు రెండు మూడు జీబీలకి మించకపోతే డీవీడీ-ఆర్ మీద ఒక కాపీ రాసుకోండి. ఒకసారి రాసి మూసేసిన డిస్కుని ఏ వైరసూ మార్చలేదు.

వేళచ్చేరి_వాసి:
సరిగ్గా ఎక్కిందని తెలిసేదెలా? తేమకేం చేయాలి?

డబ్బా_డ్రైవ్:
మూడు డిస్కుల మాటకి ఒప్పుకుంటున్నా. అసలు ఫోల్డర్‌కీ కాపీకీ రెండు వైపులా ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, బైట్లు సరిచూడండి. పెద్ద వీడియోలకి విండోస్‌లోని సర్ట్‌యూటిల్ కమాండ్‌తో షా256 (ఫైలుకి వేలిముద్రలాంటి కోడ్) తీస్తే రెండు చోట్లా ఒకేలా రావాలి. తేమకి మూత గట్టిగా పట్టే డబ్బా, అందులో సిలికా జెల్. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చేయండి. కాపీ అవుతుండగా డిస్క్‌ని కదపకండి, లోపల పళ్లెం తిరుగుతూ ఉంటుంది.