ఇప్పుడు తయారు కాని పాత పూల్ క్యూలు: ఆడుకోవడానికా, అమ్ముకోవడానికా?

డల్లాస్_రవి: మెక్‌డెర్మాట్ కంపెనీ డి-సిరీస్ క్యూ (పూల్ ఆడే కర్ర) ఒకటి చవగ్గా దొరికేలా ఉంది. 1984-90 మధ్య చేసి ఆపేసిన రకం. బట్ (చేత్తో పట్టుకునే వెనక సగం) పాలిష్ మీద సన్నటి బీటలు, పట్టు దగ్గర చుట్టిన లినెన్ ర్యాప్ చెమటకి నల్లబడింది, షాఫ్ట్ (బంతిని కొట్టే ముందు సగం) ఒకటే ఉంది. హిట్, అంటే బంతిని కొట్టినప్పుడు చేతికి తెలిసే తీరు, ఎలా ఉంటుంది? తర్వాత అమ్మితే డబ్బు వెనక్కి వస్తుందా? హైదరాబాద్‌లో తమ్ముడికి పంపొచ్చా?

నైన్‌బాల్_నాయుడు: ముందు టేబుల్ మీద దొర్లించి చూడు బ్రో. బట్, షాఫ్ట్ విడివిడిగా, తర్వాత కలిపి. షాఫ్ట్ కింద వెలుతురు వచ్చిపోతుంటే వంకర ఉన్నట్టే. విడిగా రెండూ తిన్నగా ఉండి, కలిపాక ఎగిరితే రెండూ బిగిసే జాయింట్ దగ్గరే తేడా. బట్‌లో కోసుగా పొదిగిన చెక్క ముక్కలున్నాయే, ఆ పాయింట్ల అంచుల మీద గోరు లాగి చూడు, తగిలితే పొదిగిన ముక్క లేస్తోంది.

షాన్_భక్త: డి-సిరీస్‌కి ఇంత హడావుడా? షాన్ కంపెనీలో క్యూలు చేసే బాబ్ రుండే ఉన్నప్పటి క్యూ పట్టుకుంటే మిగతావి చేతికి ఆనవు. నాది కొన్న రేటు కంటే ఎక్కువకే అడుగుతున్నారు. ఇచ్చేది లేదు.

చాక్_బాబాయ్: రవీ, పాలిష్ తీసి కొత్తగా వేయించెయ్. కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తుంది.

పాతసరుకు: దయచేసి ఆ పని చేయొద్దు! గీకితే ఒరిజినల్ లోగో పోతుంది, బట్ సన్నబడి జాయింట్ దగ్గర మెట్టు తేలుతుంది. కొనేవాడు మొదట చూసేది అదే.

చాక్_బాబాయ్: నేను ఇరవై ఏళ్ళుగా క్యూలు బాగుచేస్తున్నాను. బీటల్లోంచి తేమ దిగితే చెక్క ఉబ్బుతుంది. అప్పుడు పాత క్యూలు పోగుచేసే మీ కలెక్టర్లు వచ్చి ఎండబెడతారా?

పాతసరుకు: అందుకే మీ చేతిలో పడ్డ క్యూలన్నీ ఒకేలా ఉంటాయి.

చాక్_బాబాయ్: మాట జాగ్రత్త.

నైన్‌బాల్_నాయుడు: ఇద్దరూ ఆగండి. డి-సిరీస్ మ్యూజియం సరుకేం కాదు, ఫ్యాక్టరీలో చేసిన మంచి క్యూ. పాలిష్ చేయించాలంటే మెక్‌డెర్మాట్ వాళ్ళనే అడగమనండి. లోగో ఎలా కాపాడాలో వాళ్ళకే తెలుసు.

జెర్సీ_బ్రేక్: బట్ గోలంతా దేనికి? హిట్ వచ్చేది షాఫ్ట్ నుంచి. 2016లో ప్రెడేటర్ కంపెనీ కార్బన్ ఫైబర్ షాఫ్ట్ రెవో వచ్చాక మా లీగ్‌లో మేపుల్ చెక్క షాఫ్ట్ అడిగేవాడే తగ్గాడు. కార్బన్ బిగించు, సమస్య తీరిపోతుంది.

పాతసరుకు: బిగించుకో, కానీ పాత షాఫ్ట్ పారేయకు. అమ్మేటప్పుడు అది లేకపోతే సగం బేరం అక్కడే పోతుంది.

కాన్సాస్_కుర్రాడు: మా ఓనర్ దగ్గర పేరుమోసిన క్యూ తయారీదారు జార్జ్ బలబుష్కా చేసిన క్యూ ఉంది, సంతకంతో సహా! ఇల్లు కొనొచ్చు అంటున్నాడు.

షాన్_భక్త: బలబుష్కా 1975లో పోయారు. తర్వాత జపాన్ ఆడమ్ కంపెనీ ఆ పేరుతోనే ప్రొడక్షన్ క్యూలు అమ్మింది. మీ ఓనర్‌ది ఆ రకమే అయ్యుంటుంది. 1986 సినిమా ‘ద కలర్ ఆఫ్ మనీ’లో టామ్ క్రూజ్ తిప్పిన ‘బలబుష్కా’ కూడా నిజానికి జాస్ కంపెనీ క్యూనే.

కాన్సాస్_కుర్రాడు: చూడకుండానే తేల్చేశారా సార్?

షాన్_భక్త: ఫోటో పెట్టండి మరి. పేరు చూసి కాదు, పాయింట్లు చూసి చెబుతా. అసలువాటిలో చాలావాటికి గస్ జాంబోటి, బర్టన్ స్పెయిన్ చేసిచ్చిన బ్లాంకులు (పాయింట్లు పొదిగిన, ఇంకా చెక్కాల్సిన ముడి బట్లు) వాడారు.

సికింద్రాబాద్_క్యూ: ఇక్కడికి పంపే సంగతి ఎవరూ చెప్పలేదు. ఫెరూల్ (షాఫ్ట్ కొనన ఉండే తొడుగు), జాయింట్ ఏనుగు దంతం అయితే ఆలోచన మానుకోండి, ఇండియాలోకి తేవడం నిషేధం. రోజ్‌వుడ్ బట్ అయితే ముందే కాగితాలు కనుక్కోండి, ఆ జాతులన్నీ 2017 నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి. ఒకసారి నా పార్సిల్ మీద కొరియర్ వాళ్ళు ‘కర్ర’ అని రాశారు, కస్టమ్స్‌లో నెలంతా మూలిగింది. సరుకు పేరు సరిగ్గా రాయించండి.

డల్లాస్_రవి: అమ్మేవాడు ఇప్పుడు రెండో షాఫ్ట్ దొరికిందంటున్నాడు. ఎక్కువ అడుగుతున్నాడు.

నైన్‌బాల్_నాయుడు: జాయింట్ దగ్గర దాని అలంకారపు రింగు బట్ రింగుతో కలిసిందా చూడు. బట్ మీది పిన్ (మర) ఎక్కినంత మాత్రాన ఆ క్యూదే అనుకోకు, ఆ 3/8-10 మర కొలత షాఫ్టులు బోలెడు. కలవకపోతే మామూలు షాఫ్ట్ రేటే ఇవ్వు.