మా ఇంట్లో లేని మనిషి పేరు మీద ఉత్తరాలు వస్తున్నాయి, ఏం చేయాలి?

నల్లకుంట కోడలు:

అందరికీ నమస్కారం. నల్లకుంటలో మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. నేను, మావారు, మా అత్తగారు. మాకు ముందు ఇక్కడున్న పెద్దాయన పేరు మీద ఇంకా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మెట్ల కింద డబ్బా తెరిస్తే మావి తక్కువ, ఆయనవే ఎక్కువ. ఎల్ఐసీ ప్రీమియం నోటీసులు, బ్యాంకు కవర్లు, మొన్న ఒక శుభలేఖ కూడా. నాలుగు మూలలా పసుపు పూసి, చేత్తో అడ్రసు రాసి ఉంది. పారేయడానికి చేతులు రావు, దాచిపెట్టి ఏం చేయాలో తెలీదు.

ఇంతలో కోర్టు ముద్రతో ఒక స్పీడ్ పోస్టు వచ్చింది. రోజూ వచ్చే పోస్ట్‌మ్యాన్ కాదు, కొత్తబ్బాయి. "ఇంట్లో ఎవరో ఒకరు సంతకం పెట్టండమ్మా" అన్నాడు. కింద పోర్షన్ పిన్నిగారేమో "పెట్టేయమ్మా, పాపం ముసలాయన, ఎలాగోలా అందిద్దాం" అన్నారు. నేను పెట్టలేదు, అతను పట్టుకెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మా అత్తగారికి ఒకటే బెంగ, కోర్టు కాగితం వెనక్కి పంపితే మన మీదికేమైనా వస్తుందా అని.

ఇంకొకటి. ఓనర్‌కి కూడా తెలియని ఒక కుర్రాడి పేరు మీద పాన్ కార్డు కవరు మా డబ్బాలో పడింది. నిన్నేమో అప్పు వసూలుకని ఒకతను వచ్చి పెద్దాయన గురించి అడిగి, నా ఫోన్ నంబరు ఇమ్మని గుమ్మంలో నిలబడ్డాడు. మా అడ్రసు మీద ఎవరో తీసుకున్న అప్పు మాకు చుట్టుకుంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

అంబర్‌పేట రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్:

అమ్మా, సంతకం పెట్టకపోవుడే మంచిదైంది. అత్తమ్మను బెంగ పెట్టుకోవద్దని చెప్పు. నా సర్వీసంత అంబర్‌పేట, విద్యానగర్ దిక్కు బీట్లల్లనే, అంటే ఉత్తరాలు పంచే గల్లీలల్లనే గడిచింది, అందుకే జెర వివరంగ రాస్తున్న.

మామూలు ఉత్తరాలు చింపొద్దు, పారేయొద్దు. కవరు మీద అడ్రసుకు ఒక్క గీత కొట్టు, అక్షరాలు మాత్రం కనపడాలె. పక్కన "ఖాళీ చేసి పోయిన్రు, పంపినోళ్ళకు వాపస్" అని రాసి తారీఖు వేసి, బీటు పోస్ట్‌మ్యాన్ చేతికియ్యి. ఎర్ర డబ్బాల వేసినా తప్పు లేదు గని, అది మళ్ళ సార్టింగుకు పోయి, అడ్రసు చూసి మళ్ళ మీ ఇంటికే రావచ్చు. చేతికిస్తే ఆయన కవరు మీద "లెఫ్ట్" అని రాసి, పొట్టి సంతకం పెట్టి, ఆఫీసుల వాపస్ చేస్తడు.

పొద్దుగాల ఆఫీసుల మేము గల్లీ వరస ప్రకారం ఉత్తరాలు పేర్చుకుంటం. పాత మనిషైతే ఫలానా ఇంట్ల ఫలానాయన లేడన్నది యాదికుంటది, అక్కడ్నే పక్కకు తీస్తడు. లీవు మీద కొత్త పిలగాడు వస్తే వానికి కవరు మీదున్న అడ్రసే దిక్కు. అందుకని డబ్బా మీద మీ ఇంట్లున్నోళ్ళ పేర్లు పెద్దగ రాసి అంటించు. దాంతోటి సగం తిప్పలు తప్పుతది.

ఆ పాన్ కార్డు కవరు మీద ఇంటి నంబరు చివరిదాక చదివినవా? మన దగ్గర నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అని గీతలు పెట్టి ఉంటయి. పాత పెంకుటిల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ లేపితే ఫ్లాట్లన్నిటికీ అదే నంబరు. వెనక పోర్షన్‌కు బై ఏ, బై వన్ అని తోక తగిలిస్తరు. ఆ తోక రాయకుంటే ఉత్తరం ముందటింట్ల పడుతది. నా సర్వీసుల తప్పిపోయిన ఉత్తరాలల్ల చానా మటుకు ఇట్లాంటియే. "లేరు" అని రాసే ముందుగాల వెనకింటోళ్ళను, పక్క ఫ్లాటోళ్ళను ఒక్కసారి అడుగు.

శుభలేఖను మాత్రం మా చేతిల పెట్టకు తల్లీ. పంపినోళ్ళ అడ్రసు కవరు మీద లేకుంటే అది ఆర్ఎల్ఓకు పోతది, అంటే దిక్కులేని ఉత్తరాల ఆఫీసు. అక్కడ తెరిచి పంపినోళ్ళ జాడ వెతుకుతరు, కవరు తెరిచే అధికారం వాళ్ళకే ఉంటది. గని అదంత అయ్యేసరికి పెండ్లి అయిపోతది. ఓనర్ దగ్గర పెద్దాయన నంబరుంటే ఇయ్యాల్నే ఫోన్ చేయించు.

సిటీ సివిల్ కోర్టు వకీలు:

కోర్టు కవరు గురించి చెప్తాను. సివిల్ కేసులో ప్రతివాది ఇంట్లో లేనప్పుడు, ఆయనతో కలిసి ఉంటున్న కుటుంబసభ్యుల్లో పెద్దవాళ్ళకు ఎవరికైనా సమన్లు ఇవ్వొచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 15 చెప్తుంది. పనివాళ్ళను కూడా కుటుంబంగా లెక్కపెట్టరు. ఇక అద్దెకొచ్చిన పరాయివాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మీరు సంతకం పెట్టి ఉంటే నోటీసు అందిందని రికార్డులో పడే ప్రమాదం ఉంది. ఆ పెద్దాయన రాలేదని కేసు ఎక్స్‌పార్టీగా, అంటే ఆయన లేకుండానే నడిచిపోవచ్చు. తర్వాత ఆర్డర్ 9 రూల్ 13 కింద ఆ డిక్రీ (కోర్టు తీర్పు) రద్దు చేయమని అడిగే దారి ఉంది కానీ, ఆ వయసులో ఎందుకాయనకు ఆ తిరుగుడు? జాలిపడి పెట్టే సంతకం ఆయనకే చేటు.

చెక్ బౌన్స్ నోటీసులకైతే ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే సెక్షన్ 138 కింద కేసు వేయొచ్చు. సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే అనుకోవాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27. పోస్ట్‌మ్యాన్ కవరు మీద "రెఫ్యూజ్డ్", అంటే తీసుకోనన్నారని రాస్తే అది ఆయన మెడకు చుట్టుకుంటుంది. "లెఫ్ట్" అని రాస్తే అడ్రసు మారిందని కోర్టుకు తెలుస్తుంది. కాబట్టి పోస్ట్‌మ్యాన్‌తో "మాకొద్దు" అనకండి. "ఆయన ఇక్కడ ఉండటం లేదు, ఖాళీ చేశారు" అని స్పష్టంగా చెప్పండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇలాంటివి ఇకమీదట స్పీడ్ పోస్టుగానే ఎక్కువ వస్తాయి.

అప్పు మీకు చుట్టుకోదు. అప్పు మనిషిది, ఇంటిది కాదు. వచ్చినతనిది ఏ సంస్థో గుర్తింపు కార్డు చూపించమనండి. మీ అద్దె అగ్రిమెంటు చూపించండి, కాపీ మాత్రం ఇవ్వకండి. ఫోన్ నంబరు ఇవ్వాల్సిన పనే లేదు. వసూలుకు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. మళ్ళీ వస్తే అప్పిచ్చిన సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. మనసులో అనుమానం ఉంటే మీ క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకోండి, ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు.

పాన్ కవరు ఒక్కటే అయితే వెనక్కి పంపితే చాలు. ముక్కూమొహం తెలియని పేర్ల మీద కార్డులు వరసగా వస్తుంటే మాత్రం పోలీస్ స్టేషన్‌లో కాగితం రాసివ్వండి.

చిక్కడపల్లి ఇంటి ఓనర్:

ఇందులో ఓనర్ బాధ్యతా ఉందండీ. మా ఇంట్లో ఖాళీ చేసేవాళ్ళకు అడ్వాన్సు లెక్క చూసే రోజే గుర్తు చేస్తాను, బ్యాంకు, ఆధార్, గ్యాస్ అడ్రసులు మార్చుకోమని. ఓటు అడ్రసు మార్చుకోవడానికైతే ఫారం 8. కొత్త ఇంటి అడ్రసు ఒక కాగితం మీద రాయించుకుని ఉంచుకుంటాను. మీ ఓనర్‌ని గట్టిగా అడగండి, మొహమాటపడొద్దు.

నల్లకుంట కోడలు:

అందరికీ వేలవేల ధన్యవాదాలు. వకీలుగారు రాసింది అత్తగారికి చదివి వినిపించాను, రాత్రి నిశ్చింతగా పడుకున్నారు. పాన్ కార్డు సంగతి పోస్ట్‌మ్యాన్‌గారు చెప్పినట్టే అయింది. వెనక పోర్షన్‌లో ఉండే విద్యార్థిదట, బై ఏ రాయలేదు. అతనొచ్చి గుర్తింపు కార్డు చూపించి తీసుకెళ్ళాడు. ఓనర్ పెద్దాయన కొడుక్కి ఫోన్ కలిపారు. వాళ్ళు ఈసీఐఎల్ దగ్గర ఉంటున్నారు. పెళ్ళి ఆయన సొంత మేనకోడలిదట, ఈ ఆదివారమే. కోర్టు కవరు వచ్చి వెళ్ళిన సంగతి కూడా చెప్పాను, వకీలుని కలుస్తానన్నాడు. ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్ళించమని ఇక్కడి పోస్టాఫీసులో దరఖాస్తు ఇస్తాడట.

అంబర్‌పేట రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్:

మంచి పని చేసినవమ్మా. ఆ దరఖాస్తుల పెద్దాయన పేరొక్కటే కాదు, ఇంట్ల అందరి పేర్లు రాయమని ఆ పిలగానికి చెప్పు. లేకుంటే మిగతావాళ్ళయి మళ్ళ మీ డబ్బాల్నే పడుతయి.