డిస్నీ వరల్డ్ ఖర్చు తగ్గించాలంటే అత్తమామలకు ఒక్కరోజు టికెట్ సరిపోతుందా?

కేరీ కోడలు:
నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటాం. ఆగస్టులో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు కారులో వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, ఏడేళ్ల బాబు, అక్టోబరులో మూడేళ్లు నిండే పాప, ఏప్రిల్‌లో ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. నాలుగు పార్కులు (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్), నాలుగు రోజులు. మొత్తం ఖర్చు చూశాక మావారు ఒక ఉపాయం చెప్పారు. పక్క ఊరు కిసిమ్మీలో వంటిల్లున్న అద్దె ఇల్లు తీసుకుందాం, అమ్మానాన్నలకు ఒక్కరోజు టికెట్ మాత్రమే కొందాం, మిగతా మూడు రోజులు వాళ్లు ఇంట్లోనే ఉంటారు అని. "మాకెందుకురా అంత డబ్బు పోయడం" అని వాళ్లే అన్నారట. అన్న మాట నిజమే, నేనూ విన్నాను. కానీ మేం నలుగురం తయారై కారెక్కుతుంటే వాళ్లిద్దరూ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపడం నాకు మింగుడుపడటం లేదు. ఇది పొదుపా, పిసినారితనమా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఫ్రిస్కో లెక్కలు:
నేను మీ వారి పక్షం. డిస్నీ వరల్డ్‌లో వయసు మళ్లిన వారికి టికెట్‌లో రాయితీ లేదు. పదేళ్లు నిండిన దగ్గర నుంచి అందరిదీ పెద్దల టికెట్టే. మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు తగ్గేది కూడా కొద్ది డాలర్లే. 2018 నుంచి తేదీని బట్టి ధర మారుతోంది. 2025లో క్రిస్మస్ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఒక్కరోజు టికెట్ పన్ను కాకుండా 199 డాలర్లు. (1971లో ఆ పార్కు తెరిచినప్పుడు గేటు రుసుము మూడున్నర డాలర్లు, రైడ్లకు వేరే కూపన్లు. చదివి నిట్టూర్చడానికి తప్ప ఈ వివరం ఎందుకూ పనికిరాదు.) ఆగస్టులో అంత ఉండదు గానీ, ఇద్దరు పెద్దలకు నాలుగు రోజులంటే వెయ్యి డాలర్లకు అటూఇటూ అవుతుంది. మోకాళ్ల నొప్పులతో ఎండలో నడవడానికి వెయ్యి డాలర్లా?

ఒకే నాలుగు రోజుల టికెట్‌ను ఇద్దరూ చెరో రెండు రోజులు వాడుకోవచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. కుదరదు. గేటు దగ్గర వేలిముద్ర తీసుకుంటారు.

ఆ ఒక్కరోజూ యానిమల్ కింగ్‌డమ్‌కు తీసుకెళ్లండి. నాలుగింటిలో ఒక్కరోజు టికెట్ తక్కువ పడేది సాధారణంగా అక్కడే. ట్రక్కులో కూర్చుంటే జిరాఫీలు, ఏనుగులు కనిపిస్తాయి. పులులు ఉండే ఆసియా భాగంలో ఆనందపూర్ అని మన దేశపు ఊరులాంటిదే కట్టారు. ఎప్‌కాట్ మాత్రం వద్దు. చెరువు చుట్టూ పదకొండు దేశాల మంటపాలు, మైలుకు పైగా నడక. తీరా నడిచాక ఆ పదకొండులో ఇండియా లేదని మీ మామగారికి మీరే చెప్పాల్సి వస్తుంది.

తెనాలి అమ్మాయి:
ఫ్రిస్కో గారి లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. వంటిల్లున్న ఇల్లు తీసుకుంటే తిండి ఖర్చు తగ్గుతుంది, సరే. వండేది ఎవరు? రాత్రి బాణసంచా చూసి, నిద్రపోయిన పాపను భుజాన వేసుకుని ఇల్లు చేరాక కుక్కర్ పెట్టేది ఎవరు? కోడలు పెట్టాలి, లేదంటే టికెట్ కొనకుండా ఇంట్లో ఉంచిన అత్తగారు పెట్టాలి. టికెట్ డబ్బు మిగలడమే కాదు, జీతం లేని వంటమనిషి కూడా దొరికినట్టుంది. కేరీ కోడలు గారూ, మీ వారిని ఒక్క మాట అడిగి చూడండి. ఇంట్లో ఉండే మూడు రోజులూ మామగారు వండుతారా?

ఫ్రిస్కో లెక్కలు:
రాత్రి వండమని ఎవరన్నారు? డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు. పులిహోర, చపాతీలు, పళ్లు, జంతికలు ఏవైనా సరే. గాజు సీసాలు మాత్రం ఒప్పుకోరు, కాబట్టి ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. కూలర్‌లో విడి మంచుగడ్డలు కూడా వద్దంటారు, ఐస్ ప్యాకులు పెట్టుకోవాలి. తిండి కౌంటర్లలో చల్లని నీళ్ల కప్పు అడిగితే ఉచితంగా ఇస్తారు. ఆ సంగతి తెలిసీ ఎండలో నీళ్ల సీసాలు కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తెనాలి అమ్మాయి:
పులిహోర దానంతటదే కలుపుకుంటుందా?

ఎడిసన్ వాసి:
వంట సంగతి పక్కన పెట్టండి, అసలు ఇల్లే దండగ. ప్రకటనలో ఒక రాత్రికి చూపించే అద్దె వేరు, చివర్లో కట్టేది వేరు. ఇల్లు శుభ్రం చేసే రుసుము నాలుగు రాత్రులకైనా పది రాత్రులకైనా ఒకటే, కాబట్టి చిన్న ప్రయాణాల్లో అది రోజుకు బాగా బరువవుతుంది. దానికి తోడు పార్కు దగ్గర కారు నిలపడానికి 2025లోనే రోజుకు 30 డాలర్లు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కైతే కారు నిలిపిన చోట గేటు ఉండదు. అక్కడి నుంచి మోనోరైలో, పడవో ఎక్కి సరస్సు అవతలికి చేరాలి. ఆగస్టు మధ్యాహ్నం ఫ్లోరిడా ఎండ ఎలా ఉంటుందో, నాలుగింటికల్లా ఉరుములు ఎలా మొదలవుతాయో వెళ్లినవాళ్లకు తెలుసు. పిడుగుల భయం ఉంటే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. అప్పుడు పెద్దవాళ్లను, పాపను గదికి తీసుకెళ్లి పడుకోబెట్టడమే మంచి పని. కిసిమ్మీ ఇంటికి వెళ్లి రావాలంటే సగం సాయంత్రం దారిలోనే పోతుంది.

డిస్నీ వారి చవక హోటళ్లు ఉన్నాయి, ఆల్ స్టార్, పాప్ సెంచురీ వంటివి. అక్కడ దిగిన వాళ్లకు పార్కుల దగ్గర పార్కింగ్ ఉచితం. ఉచిత బస్సు మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు ముందే దింపుతుంది. ఉదయం మామూలు వాళ్ల కన్నా అరగంట ముందు లోపలికి వెళ్లవచ్చు. మామూలు గదులైతే మీ ఆరుగురికీ రెండు కావాలి, అది నిజమే. అయినా అత్తమామలకు టికెట్ లేని రోజున హోటల్లో ఈతకొలను, బస్సు, నలుగురు మనుషులు ఉంటారు. కిసిమ్మీ కాలనీలో వదిలేస్తే పాల ప్యాకెట్‌కు కూడా కారు కావాలి.

బయటి హోటళ్లు చవక అనుకునేవారికి ఒక మాట. రిసార్ట్ ఫీజు అని రోజువారీ రుసుము ఒకటి వేస్తారు. మేం దిగిన ఒకచోట అది, పార్కింగ్ కలిపితే గది అద్దెకు దగ్గరగా వచ్చింది.

పొదుపు పుల్లయ్య:
ఇంత చర్చ ఎందుకు? చలికాలంలో వెళ్లండి. పాపకు మూడేళ్లు నిండినా రెండేళ్లే అని చెప్పండి. పుట్టినతేదీ కాగితం ఎవరూ అడగరు.

నిర్వాహకులు:
ఇలాంటి సలహాలు ఇక్కడ వద్దు. మూడేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, ఆగస్టులో ఆ పాపకు రెండేళ్లే. చర్చ అత్తమామల టికెట్ గురించి, దాని మీదే ఉండండి.

మోరిస్‌విల్ పొరుగు:
ఆగస్టులో ఏ వారమో చెప్పలేదు. ఫ్లోరిడాలో బడులు ఆగస్టు రెండో వారానికల్లా తెరుస్తారు. కేరీ ఉన్న మన వేక్ కౌంటీలో మామూలు క్యాలెండర్ బడులు ఆగస్టు ఆఖరి వారం దాకా తెరవరు. మధ్యలో దొరికే ఆ రెండు వారాల్లో వెళ్తే రద్దీ తగ్గుతుంది, టికెట్ ధరా తగ్గుతుంది, బాబు బడి మానక్కర్లేదు. తుపానుల కాలం కాబట్టి రద్దు చేసుకునే వీలున్న బస మాత్రమే తీసుకోండి.

ఫ్రిస్కో లెక్కలు:
మంచి మాట. ఇంకో చోట కూడా కత్తెర వేయవచ్చు, లైట్నింగ్ లేన్, అంటే డబ్బు కట్టి రైడ్ల దగ్గర పెద్ద వరుస తప్పించుకునే దారి. 2020 దాకా ఉచితంగా ఇచ్చిన ఫాస్ట్‌పాస్‌ను తీసేసి, 2021 అక్టోబరులో రోజుకు తలకు 15 డాలర్ల జీనీ ప్లస్ తెచ్చారు. 2024 జులైలో దాని పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అయింది. రద్దీ రోజుల్లో ఇప్పుడు తలకు 30 డాలర్లు దాటుతుంది. తక్కువ రద్దీ వారంలో పొద్దున్నే గేటు దగ్గర ఉంటే అది లేకుండా గడిచిపోతుంది.

పాప కోసం అత్తమామలు పార్కులో ఉండాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ ఎక్కాలంటే 38 అంగుళాల ఎత్తు ఉండాలి, పాపను ఎక్కించకపోవచ్చు. అక్కడి ఉద్యోగిని రైడర్ స్విచ్ అడగండి. ఒకరు బాబుతో ఎక్కి దిగేదాకా మరొకరు పాప దగ్గర ఉంటారు. ఆ తర్వాత రెండోవాళ్లు పెద్ద వరుసలో నిలబడకుండా ఎక్కవచ్చు, బాబు వాళ్లతో మళ్లీ ఎక్కవచ్చు. పైసా ఖర్చు లేదు.

బెజవాడ విశ్రాంత ఉద్యోగి:
అమ్మాయీ, ఈ చర్చలో అత్తమామల వయసువాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కుటుంబంతో ఆ పార్కులు చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ అందరూ "అత్తమామలు" అని ఒకే టికెట్ నంబరులా మాట్లాడుతున్నారు. మేమిద్దరం ఒక మనిషి కాదు. నాకు సరస్సు మీద పడవ నచ్చింది. మ్యాజిక్ కింగ్‌డమ్ చుట్టూ తిరిగే ఆవిరి రైలు నచ్చింది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారుచేసిన తిరిగే నాటకశాల ఒకటి అక్కడ ఉంది. ఏసీలో కూర్చుంటే మనం కూర్చున్న చోటే గుండ్రంగా తిరుగుతుంది, వరుస ఉండదు. అందులో నుంచి నన్ను లేపడం మా అబ్బాయికి కష్టమైంది. ఆ తర్వాత నాకు కాళ్లు తప్ప ఇంకేమీ గుర్తులేవు. పాప్‌కార్న్ ధరను రూపాయల్లోకి మార్చుకుంటూ తిరిగాను. రెండో రోజు ఊరికే ఇచ్చినా వెళ్లేవాణ్ణి కాదు.

మా ఆవిడ అలా కాదు. ఊరేగింపు కోసం ముందుగా వెళ్లి కాలిబాట అంచున చోటు పట్టుకుంది. బాణసంచా అయ్యేదాకా కదల్లేదు. మర్నాడు కూడా వెళ్లాలని ఉందని ఆవిడ నాతో అనలేదు, కోడలితో అంది. నేను "మాకెందుకు" అన్నానంటే ఆవిడకూ అక్కర్లేదని మావాడు అనుకున్నాడు. కాబట్టి ఇద్దరినీ విడివిడిగా అడుగు. ధర చెప్పి అడగకు. ధర విన్నాక మా తరంలో ఎవ్వరూ "వస్తాం" అనరు. పార్కులో వీల్‌చెయిర్ అద్దెకు ఇస్తారు, అది కూడా అడిగి చూడు. కాదంటారు. అయినా ఒకటి తీసుకుని పక్కన పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఎవరో ఒకరు కూర్చుంటారు.

వంట గొడవలో తప్పు మాది కూడా. ఎక్కడికి వెళ్లినా రాత్రికి అన్నం, చారు కావాలని కూర్చుంటాం. నాలుగు రోజులు రొట్టెముక్క తిన్నంత మాత్రాన ఎవరం చిక్కిపోం.

తెనాలి అమ్మాయి:
పెద్దాయన చివరి మాటకు దండం. కానీ ధర దాచి అడగమనడం నాకు నచ్చలేదండీ. తర్వాత తెలిస్తే ఆవిడ ఆ బాధలో ఊరేగింపు కూడా సరిగా చూడరు.

బెజవాడ విశ్రాంత ఉద్యోగి:
టికెట్ ఫోనులో ఉంటుంది కదమ్మా, చూపిస్తే కదా తెలిసేది. తిరుపతి ప్రయాణంలో కూడా మేం మా అమ్మకు ఏ ఖర్చూ చెప్పలేదు.

ఎడిసన్ వాసి:
చెప్పకుండా దాచడం కన్నా "నాలుగు రోజులకు ఇంత అనుకున్నాం, అందులోనే సర్దుతున్నాం" అని మొత్తం ఒక్కసారి చెబితే వాళ్లూ అందులో భాగమవుతారు. కొందరు పెద్దలకు దాచడమే అవమానంగా అనిపిస్తుంది. మా మామగారు అలాంటి మనిషే.

కేరీ కోడలు:
అందరికీ ధన్యవాదాలు. బెజవాడ బాబాయిగారు చెప్పినట్టు విడివిడిగా అడిగాను. అత్తయ్యకు కోట దగ్గర ఊరేగింపు చూడాలని ఉంది, జంతువులు కూడా చూస్తానన్నారు. మూడో రోజు వద్దన్నారు, అది మొహమాటం కాదని నాకూ అనిపించింది. మామయ్య ఒక్కరోజు సఫారీ చాలన్నారు. ధర దాచలేదు. ఎడిసన్ వాసి గారు అన్నట్టు మొత్తం చెప్పాను. మామయ్య కాగితం తీసుకుని కూర్చుని, పిల్లవాడికి హాలీవుడ్ స్టూడియోస్ ఎందుకని మావారినే నిలదీశారు.

చివరికి తేలింది ఇది. ఆగస్టు మూడో వారంలో మొదటి రోజు అందరం యానిమల్ కింగ్‌డమ్. రెండో రోజు మామయ్య తప్ప అందరం మ్యాజిక్ కింగ్‌డమ్. మూడో రోజు పార్కు లేదు. ఈతకొలను, సాయంత్రం డిస్నీ స్ప్రింగ్స్, అక్కడ ప్రవేశం, పార్కింగ్ ఉచితమే కదా. నాలుగో రోజు మేం నలుగురం ఎప్‌కాట్. హాలీవుడ్ స్టూడియోస్ మానేశాం. ఇల్లే తీసుకుంటున్నాం. పులిహోర ఒక్క పూటకే, అదీ మావారు కలుపుతారు. రాత్రి తిండి బయటే.

తెనాలి అమ్మాయి:
చింతపండు పులుసు కూడా ఆయనే ఉడికిస్తారా, మీరు చేసి సీసాలో పెట్టి ఇస్తారా?

కేరీ కోడలు:
ఆ చర్చ ఇంట్లో నడుస్తోంది.

ఫ్రిస్కో లెక్కలు:
మీ వారి మొదటి ప్రణాళికలో టికెట్ కొనాల్సింది ముగ్గురికి నాలుగేసి రోజులు, పెద్దలిద్దరికీ ఒక్కోరోజు, మొత్తం పద్నాలుగు. ఇప్పుడు మీ ముగ్గురికీ మూడేసి, అత్తగారికి రెండు, మామగారికి ఒకటి, అంటే పన్నెండు. ఒక రోజు పార్కింగ్ కూడా మిగిలింది. కానీ తొందరపడి మూడు రోజుల టికెట్ కొనకండి. రోజులు పెరిగేకొద్దీ రోజుకు పడే ధర తగ్గుతుంది, కాబట్టి నాలుగో రోజు తీసేస్తే మిగిలేది తక్కువే. పైగా వేసవిలో నాలుగు రోజుల టికెట్ మీద రాయితీ ఇచ్చిన సందర్భాలున్నాయి. అలాంటిది తగిలితే నాలుగు రోజులదే మూడు రోజుల దానికన్నా చవక పడవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే డబ్బు కట్టండి.

ఎడిసన్ వాసి:
రెండో రోజు మామగారు కారు లేకుండా ఆ ఇంట్లో ఒక్కరే ఉంటారు. దుకాణానికి నడిచి వెళ్లగలిగే చోట ఇల్లు చూసుకోండి, శుభ్రం చేసే రుసుము కలిపి మొత్తం ఎంతో ఖరారు చేసే ముందే అడగండి. నేనైతే ఇప్పటికీ హోటలే అంటాను.