తోక వదిలేసిన లెపర్డ్ గెకో తిండి ముట్టడం లేదు, ఏం చేయాలి?

డాలస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ప్రాణంగా చూసుకునే లెపర్డ్ గెకో (ఒక రకం పెంపుడు బల్లి) నిన్న రాత్రి తోక వదిలేసింది. ఊడిన ముక్క చాలాసేపు గిలగిలా కొట్టుకుంది, రక్తం మాత్రం పెద్దగా రాలేదు. తోక మొదట్లో ఎర్రటి కండ కనిపిస్తోంది.

పెట్టెలోని కొబ్బరి పీచు పొడి పుండుకు అంటుకుంటుందని తీసేసి, కాగితపు టవళ్లు పరిచాం. తోడుగా ఉన్న గెకోను వేరు చేశాం. వేడి వైపు 32 డిగ్రీల సెల్సియస్ ఉంటోంది. ఇవి కొవ్వును తోకలోనే దాచుకుంటాయి కాబట్టి ఆ నిల్వంతా పోయినట్టే. ఇప్పుడు బాగా తినాలి. కానీ కాల్షియం పొడి అద్దిన కీచురాళ్లను ముందు పెడితే ముఖం తిప్పుకుంటోంది.

మీ గెకోలు తోక పోయాక ఎన్నాళ్లకు తిన్నాయి? కొవ్వు ఎక్కువని వాక్స్ వార్మ్‌లు (ఒక రకం చిమ్మట పిల్ల పురుగులు) పెట్టవచ్చా, లేక వాటికే అలవాటు పడి మిగతావి మానేస్తుందా? పుండుకు మందు రాయాలా, దానంతట అదే మాననివ్వాలా? వాపు, చీము కనిపిస్తే వెంటనే సరీసృపాల వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తాం.

కొత్త తోక ఎముక లేకుండా, మృదులాస్థితో కాస్త బొద్దుగా వస్తుందని అమ్మాయికి చెప్పాను. అయినా దాని బెంగ తీరలేదు. తోక తిరిగి పెరిగిన గెకో ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పెట్టండి, తనకు చూపిస్తాను.