అప్‌డేట్: గాలి సరిగ్గానే ఉన్నా వెలుగుతున్న టైర్ ప్రెషర్ లైట్, కారణం దొరికింది

2008 మోడల్ స్పోర్ట్స్ కారులో నాలుగు టైర్లూ 32 పీఎస్ఐ ఉన్నా పొద్దున్నే వార్నింగ్ లైట్ వస్తోందని అడిగాను కదా, తేలిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చక్రం లోపల ఉండి గాలి ప్రెషర్ కొలిచి కారుకు సిగ్నల్ పంపే సెన్సర్ బ్యాటరీ చూడమన్నవాళ్ల మాటే నిజమైంది.

ఆనవాలు లైటులోనే ఉంది: స్టార్ట్ చేయగానే నిమిషం పాటు మిణుకుమిణుకుమని, తర్వాత నిలకడగా వెలిగేది. అంటే గాలి తక్కువని కాదు, సిగ్నల్ అందట్లేదని. గాలే తగ్గితే మిణకకుండా నేరుగా వెలుగుతుంది. మెకానిక్ బండి చల్లగా ఉన్నప్పుడే టీపీఎంఎస్ టూల్‌ని (టైర్ ప్రెషర్ సెన్సర్లను పరీక్షించే పరికరం) ఒక్కో వాల్వ్ దగ్గర పెట్టి చూశాడు. మూడు సెన్సర్లు ఐడీ, ప్రెషర్ పంపాయి. వెనక ఎడమది పలకలేదు. చలికి బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది, అందుకే మధ్యాహ్నాలు మామూలుగా ఉండేది. ఆ బ్యాటరీ లోపలే సీల్ అయి ఉంటుంది కాబట్టి సెన్సరే మార్చాలి. ఆయుష్షు సుమారు 7 నుంచి 10 ఏళ్లు. మిగతా మూడూ అదే వయసువి కనుక నాలుగూ మార్పించాను. ఒక్కటే మార్చి ఆదా చేద్దామంటే టైరు విప్పుడు, బ్యాలెన్సింగ్ ఖర్చు మళ్లీ మళ్లీ పడుతుంది.

కొనేముందు సెన్సర్ సిగ్నల్ పంపే రేడియో ఫ్రీక్వెన్సీ చూసుకోండి, 315 మెగాహెర్ట్జ్ బండికి 433ది పనిచేయదు. అల్యూమినియం వాల్వ్‌లో నికెల్ పూత ఉన్న కోర్ (గాలిని ఆపే లోపలి చిన్న భాగం) మాత్రమే వేయించండి, మామూలు ఇత్తడిది ఇరుక్కుపోతుంది. కొత్త ఐడీలు రీలెర్న్ చేశాకే, అంటే కారు వాటిని గుర్తించేలా నమోదు చేశాకే, లైట్ ఆరింది.

టైర్లలో నైట్రోజన్ నింపడానికి, ఫ్యూజుకు, సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు దీంతో సంబంధం లేదు. కారు బ్యాటరీ టెర్మినల్ తీసిపెట్టినా ఏమీ మారలేదు.